బాకీ ఉన్న పడవ

వేట నిషేధం మొదలైన రోజున
విశాఖ ఫిషింగ్ హార్బరు ఆఫీసు మేడ మీద
నాకొక గది ఇచ్చారు:
ఉప్పు పట్టిన ఫ్యాను, కాళ్ళు సమంగా లేని బల్ల.
అరవై ఒక్క రోజుల్లో
బోట్లన్నిటికీ ఒక జ్ఞాపకం కట్టాలి.

గవర్రాజు గారిది పట్టికల పద్ధతి.
ఇంజను ఒక పట్టికలో, సరంగు ఇంకో పట్టికలో,
వల వేరేచోట, ఐసు లెక్క మరెక్కడో.
బోటు కావాలంటే ప్రతిసారీ
ముక్కలన్నీ ఏరి అతకాలి.
"చేపను కోసినట్టు కోశారండీ" అన్నాను.
"కోయకుండా ఎవరు కొంటారమ్మా" అన్నాడాయన,
కళ్ళజోడు తుడుచుకుంటూ.

కిటికీ కింద స్లిప్‌వే మీద
ఒక బోటుకి అడుగు చెక్కలు మారుస్తున్నారు.
నిరుడు ఇంజను మారింది, అంతకుముందు యజమాని.
నీలం మీద ఆకుపచ్చ పూశారు,
పేరు చెరిపి కొత్త అమ్మవారి పేరు రాశారు.
అయినా వడ్రంగి లచ్చుమయ్య
"ఒరే, కుంటిదాన్ని ఇటు వాల్చండ్రా" అంటున్నాడు.

ఆ పిలుపు దేనికి తగులుతోందో
అదే నాకు కావాలి.
రంగుకి కాదు, చెక్కకి కాదు, పేరుకి అసలే కాదు.
ఒకసారి ఇచ్చాక ఇంకెవరికీ ఇవ్వని అంకె ఒకటి,
అన్నీ మారాక కూడా అడుగున మిగిలేది.
ఆ రాత్రి మొదటి క్లాసు రాశాను: పడవ.

పడవకి పిల్లలు తెప్ప, మరబోటు.
వారసత్వం సులువే అనుకున్నాను.
తెప్పను ఇంజను ఆపమని అడిగేసరికి
ప్రోగ్రాము కుప్పకూలింది.
టీ కొట్లో చెబితే కళాసీలు పొట్ట పట్టుకుని నవ్వారు.
మర్నాడు తల్లి దగ్గర ఇంజను లాగేసి
ఒక పిల్లకే ఇచ్చాను.

డిస్కు మీది చిరునామా మెమరీలో చెల్లదు.
జెట్టీ గుంజకి వేసిన ముడి
నడిసముద్రంలో దేనికి పట్టుకుంటుంది?
లోపలికి తెచ్చిన ప్రతి బోటుకీ
తాడు విప్పి మళ్ళీ కట్టడం, పంపేటప్పుడు మళ్ళీ విప్పడం,
ఇదే పని పదిహేను రోజులు.
కరెంటు పోయినప్పుడల్లా సగం రాసిన బోటు మునిగేది.
ముందు చిట్టాలో రాసి, తరవాతే బోటును ముట్టుకోవాలని
మూడు మునకలయ్యాక నేర్చుకున్నాను.

నలభయ్యో రోజున చీపురు రాశాను.
వేరు నుంచి దారి లేని వస్తువును ఊడ్చేసే చీపురు.
పదకొండు పోయాయి.
పది నేను ఆటకి చేసినవి.
పదకొండోది నిజం బోటు.
తుపానులో మనుషులు ఈది బయటపడ్డారు, అది రాలేదు.
లైసెన్సు రద్దు, డీజిల్ ఖాతా మూత,
సరంగు వేరే బోటెక్కాడు.
దానివైపు వేలు చూపేవాళ్ళు లేరు.
చీపురు సరిగ్గానే పనిచేసింది.
సంతోషించాను కూడా.

వారం తిరక్కుండా మెట్లెక్కి వచ్చింది
వలలు కట్టే మైలపిల్లి అసిరమ్మ.
"నా వల ఏసుకెళ్ళినాది. పద్దెనిమిదేలు.
బోటు నేదంటే నా బాకీ ఎవలిస్తారు?"
"మునిగిపోయింది కదమ్మా."
"మునిగితే మునిగినాది. నేదని ఎవలన్నారు?"

సంచిలోంచి నూరు పేజీల పుస్తకం తీసింది.
అక్షరం లేదు.
పేజీకొక బోటు బొమ్మ,
ఒకదానికి ముక్కు వంపు, ఒకదానికి విరిగిన కొయ్య.
దాని వల, దాని కన్నుల కొలత, దాని బాకీ గీతలు,
అన్నీ దాని కడుపులోనే.
గవర్రాజు గారు పేజీలు తిప్పి తిప్పి చూసి
టీ చెప్పొస్తానని లేచి వెళ్ళారు.

చిట్టాలో వెనక్కి వెళ్ళి బోటును పైకి లాగాను.
బాకీ అని కొత్త క్లాసు రాసి
దానికో తాడు కట్టాను.
చీపురు మళ్ళీ తిప్పాను. ముట్టుకోలేదు.

అరవై ఒకటో రాత్రి, పన్నెండు దాటగానే
ఇంజన్లన్నీ ఒక్కసారి దగ్గాయి.
డాల్ఫిన్ నోస్ దీపం కింద నుంచి వరసకట్టి బోట్లు,
తెర మీద వరసకట్టి అంకెలు.
ఒక్కటి కదల్లేదు.
ఎక్కడున్నావంటే ఖాళీ చూపిస్తోంది.
బాకీ ఎంతంటే మాత్రం
తడుముకోకుండా చెబుతోంది.

వడ్డీ సంగతి
రేపొచ్చి సెప్తానంది అసిరమ్మ.